అమ్మాయి సాకర్ నుంచి అమెరికా కాలేజీ టీమ్ దాకా: తెలుగు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక టోర్నమెంట్‌లో సైడ్‌లైన్ దగ్గర ఒక కాలేజీ కోచ్ కనిపించింది. యూనివర్సిటీ పేరున్న జాకెట్, చేతిలో చిన్న నోట్‌బుక్. నేను ఉత్సాహంగా వెళ్లి, "ఆ ఏడో నంబర్ మా అమ్మాయే" అని పరిచయం చేసుకున్నాను. ఆవిడ నవ్వి, ఆట బాగుందని ఒక ముక్క అనేసి, కుర్చీ తీసుకుని అవతలి మూలకు వెళ్లిపోయింది. మనల్ని చూసి మొహం చాటేసిందని ఇంటికొచ్చేదాకా ఒకటే బాధ. ఆ వయసు పిల్లతో గానీ, తల్లిదండ్రులతో గానీ ఆవిడ రిక్రూటింగ్ (కాలేజీ టీమ్‌లోకి తీసుకునే) మాటలు మాట్లాడకూడదనే రూల్ ఉందని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆఫ్‌సైడ్ అర్థం కావడానికే నాకు రెండేళ్లు పట్టింది. రిక్రూటింగ్ అర్థం కావడానికి ఇంకో మూడేళ్లు. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాబట్టి ఉదాహరణలు టెక్సస్‌వి ఎక్కువ, రూల్స్ మాత్రం దేశమంతటికీ ఒకటే.

ముందుగా ఒక లెక్క. అమెరికా హైస్కూళ్లలో సాకర్ ఆడే అమ్మాయిలు దాదాపు 3.8 లక్షల మంది. కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ. దాని మూడు డివిజన్లూ (స్థాయిలూ) కలిపి కాలేజీ టీమ్‌లలో ఉన్నది సుమారు 30 వేలు. అంటే వందమందిలో ఎనిమిది మంది. వాళ్లలో ఫుల్ స్కాలర్‌షిప్ వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. ఈ లెక్క మీ అమ్మాయికి భయం పెట్టడానికి కాదు, మీరు క్లబ్ చెక్కు మీద సంతకం పెట్టేటప్పుడు గుర్తుండాలని.

మొదటి అడుగు: నిచ్చెన ఎలా ఉందో చూడండి

మన దగ్గర స్కూల్ టీమ్, జిల్లా, రాష్ట్రం అని వరస ఉంటుంది. ఇక్కడ స్కూల్ టీమ్ పక్కన ఉంటుంది, అసలు దారి క్లబ్‌లదే. ఇది ఇప్పటి పద్ధతి కూడా కాదు. మా ఊరి పక్కన డాలస్‌లో 1973లో పుట్టిన స్టింగ్ అనే అమ్మాయిల క్లబ్, 1984లో చైనాలోని షియాన్‌కు అమెరికా తరఫున వెళ్లి టోర్నమెంట్ గెలిచి వచ్చింది. అమెరికా మహిళల జాతీయ జట్టు మొదటి మ్యాచ్ ఆడింది 1985లో!

చిన్నపిల్లలు మొదలయ్యేది రిక్రియేషనల్ లీగ్‌లో. అందరూ 'రెక్' అంటారు. వైఎంసీఏ, ఊరి సాకర్ అసోసియేషన్, ఏవైఎస్ఓ లాంటివి నడుపుతాయి. ఫీజు తక్కువ, కోచ్ ఎవరో ఒక నాన్నో అమ్మో. ఆ పైన ట్రైఅవుట్ పెట్టి తీసుకునే 'సెలెక్ట్' లేదా 'కాంపిటీటివ్' టీమ్‌లు. అమ్మాయిల్లో అన్నిటికంటే పైన రెండు జాతీయ లీగ్‌లున్నాయి: 2009లో మొదలైన ఈసీఎన్‌ఎల్ (ఎలీట్ క్లబ్స్ నేషనల్ లీగ్), 2020లో మొదలైన గర్ల్స్ అకాడమీ. రెండూ 13 ఏళ్ల లోపు గ్రూప్ నుంచి మొదలవుతాయి. వాటి కింద ఈసీఎన్‌ఎల్ రీజనల్ లీగ్, ఎన్‌పీఎల్ (నేషనల్ ప్రీమియర్ లీగ్స్), రాష్ట్ర లీగ్‌లు.

ఈ లీగ్ బ్యాడ్జిల గురించి మన వాళ్ల పార్టీల్లో ఐఐటీ ర్యాంకుల గురించి మాట్లాడినట్టే మాట్లాడుకుంటారు. కాబట్టి ఒక కథ చెప్పాలి. అమెరికా సాకర్ ఫెడరేషనే 2017లో అమ్మాయిల డెవలప్‌మెంట్ అకాడమీ అని అన్నిటికంటే గొప్ప లీగ్ ఒకటి పెట్టింది. హైస్కూల్ సాకర్ మానుకుని మరీ పిల్లలు అందులో చేరారు. 2020 ఏప్రిల్‌లో దాన్ని మూసేశారు. మూడేళ్లలో బ్యాడ్జి మాయమైంది, ఆ మూడేళ్లూ ఫీల్డు మీద నిజంగా ఆడిన అమ్మాయిల ఆట మాత్రం ఎక్కడికీ పోలేదు. పై లీగ్‌ల షోకేస్‌లకు (కోచ్‌లు వచ్చి చూడటానికే పెట్టే టోర్నమెంట్లకు) కాలేజీ కోచ్‌లు ఎక్కువగా వస్తారన్నది నిజమే. కానీ పెద్ద టీమ్‌లో బెంచి మీద కూర్చున్న పిల్లను ఏ కోచూ చూడలేడు. నా లెక్కలో మన పిల్ల ఆటలో సగానికి పైగా ఫీల్డు మీద ఉండే టీమే మంచి టీమ్, అది రెండో వరుసదైనా సరే.

రెండో అడుగు: వయసు గ్రూప్

పదేళ్ల లోపు వాళ్లు ఏడుగురితో, 12 లోపు వాళ్లు తొమ్మిది మందితో ఆడతారు. 13 లోపు గ్రూప్ నుంచి పెద్ద ఫీల్డు, 11 మంది. ఇన్నాళ్లూ పుట్టిన సంవత్సరం చూసి గ్రూప్ కట్టేవారు. 2026-27 సీజన్ నుంచి చాలావరకు ఆగస్టు 1 నుంచి జూలై 31 వరకు అనే లెక్కకు మారుస్తున్నారు. అక్టోబర్, నవంబర్‌లలో పుట్టిన పిల్లలకు ఇది మేలే. ఇదివరకు టీమ్‌లో మిగతావాళ్లంతా హైస్కూల్‌కు వెళ్లిపోతే వీళ్లు ఎనిమిదో తరగతిలో ఒంటరిగా మిగిలేవారు. ఇప్పుడు తమ తరగతి వాళ్లతోనే ఆడతారు. జూన్, జూలై పిల్లలు మాత్రం తమ గ్రూప్‌లో అందరికంటే చిన్నవాళ్లవుతారు. పక్కపిల్ల అరడుగు పొడుగుందని కంగారు పడకండి.

మూడో అడుగు: ట్రైఅవుట్

చాలా రాష్ట్రాల్లో ట్రైఅవుట్లు ఏప్రిల్, జూన్ మధ్య జరుగుతాయి. అంటే సరిగ్గా మనం ఇండియా టికెట్లు వెతికే కాలం. క్లబ్ తేదీలు కనుక్కున్నాకే టికెట్ కొనండి. ఆగస్టు మొదటికి ప్రీసీజన్ మొదలైపోతుంది కాబట్టి తిరుగు ప్రయాణం కూడా ముందే చూసుకోవాలి. కూచిపూడి ఆరంగేట్రం పెట్టుకున్నవాళ్లు ఆ ఏడాది సంగతి కోచ్‌కు ముందే చెప్పేస్తే మంచిది. మేము చెప్పకుండా దాచి, రెండు చోట్లా మాట పడ్డాం.

ట్రైఅవుట్‌కు ముందు నెలలో ఆ టీమ్ ప్రాక్టీస్‌కు ఒకటి రెండుసార్లు వచ్చి ఆడతామని కోచ్‌కు ఈమెయిల్ పెట్టండి. చాలామంది ఒప్పుకుంటారు. అసలు ఎంపిక సగం అక్కడే జరిగిపోతుంది. టీమ్‌లోకి తీసుకుంటామంటే వెంటనే ఎగిరి గంతేయకుండా కొన్ని ప్రశ్నలు అడగాలి. రోస్టర్‌లో (టీమ్ జాబితాలో) ఎంతమంది? మా అమ్మాయిని ఏ స్థానంలో అనుకుంటున్నారు? ఈ టీమ్ ఏ షోకేస్‌లకు వెళ్తుంది? గత మూడేళ్లలో ఈ క్లబ్ పిల్లలు ఏ కాలేజీల్లో చేరారు? ఈ చివరి ప్రశ్నకు గోడ మీద నాలుగు పెద్ద యూనివర్సిటీల లోగోలు చూపిస్తే సరిపోదు, మొత్తం జాబితా అడగండి. చిన్న కాలేజీల పేర్లు కూడా గర్వంగా చెప్పే క్లబ్ అయితే మీ పిల్లను కూడా పట్టించుకుంటుందని నా నమ్మకం.

సంతకం పెట్టే కాగితం పూర్తిగా చదవండి. చాలా క్లబ్‌లలో అది ఏడాది ఒప్పందం. మధ్యలో మానేసినా మిగతా ఫీజు కట్టాల్సిందే. గాయమైతే ఏమిటన్నది అందులో ఉందో లేదో చూడండి.

నాలుగో అడుగు: డబ్బు

క్లబ్ ఫీజు ఏడాదికి రెండు, మూడు వేల డాలర్లు అనుకుని దిగుతాం. యూనిఫాం కిట్ వేరు, టోర్నమెంట్ ఫీజు వేరు, కోచ్ ప్రయాణ ఖర్చు కూడా టీమ్ పంచుకుంటుంది. జాతీయ లీగ్ అయితే ఫీనిక్స్, ఫ్లోరిడా, శాన్ డియాగో అంటూ విమానాలు. కొన్ని టోర్నమెంట్లు తాము చెప్పిన హోటల్‌లోనే దిగాలంటాయి. బంధువుల ఇల్లు పక్క వీధిలో ఉన్నా అంతే. అన్నీ కలిపితే ఫీజుకు రెండింతలు, మూడింతలు అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ డబ్బంతా స్కాలర్‌షిప్ రూపంలో తిరిగొస్తుందనుకుంటే మాత్రం లెక్క తప్పినట్టే. అదే డబ్బు కాలేజీ ఖాతాలో వేస్తే ఖాయంగా ఉంటుంది.

అడగడానికి మొహమాటపడే విషయం ఒకటుంది. చాలా క్లబ్‌లలో ఫీజు సాయం ఉంటుంది. ఒక ఫారం, ఆదాయం కాగితాలు, ఒక గడువు తేదీ, అంతే. ఉద్యోగం పోయిన ఏడాది మా స్నేహితులొకరు అడగకుండా పిల్లను మాన్పించేశారు. తర్వాత తెలిసింది, అడిగి ఉంటే సగం తగ్గించేవారట. టీమ్ మేనేజర్‌గా పనిచేసే తల్లికో తండ్రికో కొన్ని క్లబ్‌లు ఫీజు తగ్గిస్తాయి. ఫీజు లేని దారి కూడా ఒకటుంది: ప్రతిభ ఉన్నవాళ్లను గుర్తించడానికి యూఎస్ క్లబ్ సాకర్ అనే సంస్థ నడిపే ఐడీ2 శిబిరాలకు ఎంపికైన పిల్లల నుంచి ఫీజు తీసుకోరు. ఎంపిక చేసే వాళ్లకు మీ అమ్మాయి పేరు పంపమని కోచ్‌ను అడగండి.

ఐదో అడుగు: మోకాలు, ఐరన్, భద్రత

మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో చాలా ఎక్కువ. సర్జరీ అయితే మళ్లీ ఆటలోకి రావడానికి తొమ్మిది నెలలు, కొన్నిసార్లు ఏడాది. ఆ ఏడాది పదకొండో తరగతి అయిందా, రిక్రూటింగ్ మొత్తం తలకిందులవుతుంది. ఫిఫా తయారుచేసిన '11 ప్లస్' అనే వార్మప్ ఉంది, 20 నిమిషాలు పడుతుంది, వారానికి కనీసం రెండుసార్లు చేస్తే గాయాలు తగ్గుతాయని తేలింది. మీ టీమ్ చేయకపోతే ఇంట్లో చేయించండి.

శాకాహారం తినే ఇళ్లలో ఆడపిల్లలకు ఐరన్ తగ్గడం మామూలే, అందులోనూ రోజూ పరిగెత్తే పిల్లకు. ఊరికే అలసిపోతోందంటే బద్ధకమని తిట్టే ముందు డాక్టర్‌ను అడిగి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) టెస్ట్ చేయించండి. గేమ్‌కు మూడు గంటల ముందు ఇడ్లీకి మించింది లేదు, ఈ మాట మా టీమ్‌లో అమెరికన్ తల్లులు కూడా ఒప్పుకున్నారు.

సేఫ్‌స్పోర్ట్ (ఆటల్లో పిల్లల భద్రత) రూల్స్ ప్రకారం కోచ్ మైనర్ పిల్లతో ఒంటరిగా, ఎవరికీ కనిపించని చోట ఉండకూడదు. పిల్లకు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, తల్లిదండ్రులనో ఇంకో పెద్దవాళ్లనో కలపాలి. ఎంత పేరున్న కోచ్ అయినా ఇక్కడ మినహాయింపు లేదు. మన వాళ్లకు గురువు మీద ఉండే గౌరవం కొద్దీ ఇలాంటివి అడగబుద్ధి కాదు. అడగాలి.

ఆరో అడుగు: తొమ్మిదో తరగతి నుంచే కాగితాలు

ఇది మన పిల్లలకు సులువైన భాగం, అయినా చూసుకోవాలి. డివిజన్ 1లో ఆడాలంటే ఎన్‌సీఏఏ ఒప్పుకున్న 16 కోర్ కోర్సులు పూర్తిచేయాలి, అందులో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. ఆ పదహారులో పది కోర్సులు, పన్నెండో తరగతి మొదలవకముందే అయిపోవాలి. ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ నుంచే. శాట్, యాక్ట్ స్కోర్ల నిబంధనను 2023లో తీసేశారు, కాలేజీ విడిగా అడిగితే అది వేరే సంగతి. స్కూల్ బయట ఆన్‌లైన్‌లో కోర్సు చేయించే అలవాటు మనకుంది కదా, ఆ కోర్సు ఎన్‌సీఏఏ జాబితాలో ఉందో లేదో ముందే చూడండి. ఈ అర్హత చూసే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఉచిత ప్రొఫైల్ తొమ్మిదో తరగతిలోనే తెరవొచ్చు.

ఏడో అడుగు: ఏ కాలేజీలు?

డివిజన్ 1లో దాదాపు 350 మహిళల టీమ్‌లున్నాయి. చాలాకాలం ఒక్కో టీమ్‌కు 14 స్కాలర్‌షిప్‌లకు సమానమైన డబ్బు మాత్రమే ఉండేది, దాన్ని ముక్కలు చేసి పాతిక ముప్ఫై మందికి పంచేవారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం తర్వాత, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది, దాని బదులు టీమ్‌లో 28 మందికి మించకూడదని వచ్చింది. చూడటానికి మంచివార్తే. కానీ కోచ్ బడ్జెట్ పెరిగితేనే స్కాలర్‌షిప్‌లు పెరుగుతాయి, టీమ్ చివరన డబ్బు లేకుండా చేరే పిల్లల స్థానాలు మాత్రం తగ్గాయి. దానికితోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి అనుభవమున్న ఇరవై ఏళ్ల వయసు ఆటగత్తె దొరుకుతుంటే, పదిహేడేళ్ల పిల్లను తీసుకోవడానికి కోచ్ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నారు.

డివిజన్ 2లోనూ, ఎన్‌ఏఐఏ అనే వేరే సంఘంలోని కాలేజీల్లోనూ సాకర్ స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, చదువుకిచ్చే డబ్బుతో కలిపితే మంచి మొత్తమే అవుతుంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్ 1లో ఆడతాయి గానీ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయం చూసి సాయం చేస్తాయి.

మన వాళ్లు పట్టించుకోనిది డివిజన్ 3. 'మూడు' అనగానే థర్డ్ క్లాస్ అనుకుంటారు. ఎంఐటీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, జాన్స్ హాప్‌కిన్స్, ఎమరీ, కార్నెగీ మెలన్, విలియమ్స్, అన్నీ సాకర్‌లో డివిజన్ 3! ఆట స్కాలర్‌షిప్ ఉండదు. కానీ కోచ్‌కు నచ్చితే పదకొండో తరగతి అయ్యాక వేసవిలో మార్కులను అడ్మిషన్ ఆఫీస్‌కు ముందుగా చూపిస్తారు, దీన్నే 'ప్రీ-రీడ్' అంటారు. బాగుందని అక్కడి నుంచి సంకేతం వస్తే ఎర్లీ డెసిషన్‌లో (సీటొస్తే అక్కడే చేరతామని మాటిచ్చి ముందుగా) అప్లై చేయడం. సీటు గ్యారంటీ అని కాదు గానీ, వేలమంది క్యూలో కోచ్ మాట సాయం చిన్నది కాదు. ఇంజనీరింగ్ చదవాలనుకునే పిల్లకు ల్యాబ్‌లు, ప్రయాణాలు రెండూ కుదిరేది కూడా ఇక్కడే ఎక్కువ.

పదో తరగతికల్లా ముప్ఫై, నలభై కాలేజీల జాబితా రాయండి. ఒక్కో టీమ్ వెబ్‌సైట్‌లో రోస్టర్ తెరిచి చూడండి: మీ అమ్మాయి చేరే ఏడాదికి ఆమె స్థానంలో ఎవరు వెళ్లిపోతున్నారు? డిఫెండర్లు ముగ్గురు ఒకేసారి డిగ్రీ పూర్తిచేస్తుంటే అక్కడ ఖాళీ ఉన్నట్టు. ఆ తర్వాత కాలు విరిగి ఇక ఆడలేకపోయినా ఈ కాలేజీలో ఉంటావా అని అమ్మాయిని అడగండి. ఉండనంటే కొట్టేయండి.

ఎనిమిదో అడుగు: ఈమెయిల్ ఎవరు రాయాలి

నేను రాశాను. మొదటి పన్నెండు ఈమెయిల్స్ మా అమ్మాయి పేరుతో నేనే రాసి పంపాను, ఆఫీసులో ప్రాజెక్టు రిపోర్టు రాసినట్టు. ఒక్క జవాబు లేదు. తర్వాత మా అమ్మాయి తనంతట తాను ఆరు వాక్యాలు రాసి, "మీ టీమ్ బంతిని వెనక నుంచి పాస్‌లతో ముందుకు తెస్తూ ఆడటం శనివారం గేమ్‌లో చూశాను, నేనూ అలాగే ఆడతాను" అని పెట్టింది. దానికి క్యాంప్ సమాచారంతో జవాబొచ్చింది. అమ్మాయే రాయాలి, అమ్మాయే ఫోన్ చేయాలి. కోచ్ నాలుగేళ్లు మాట్లాడబోయేది ఆమెతోనే.

సబ్జెక్ట్ లైన్‌లోనే గ్రాడ్యుయేషన్ సంవత్సరం, ఆడే స్థానం, క్లబ్, లీగ్ ఉండాలి. లోపల జీపీఏ, వీడియో లింక్, క్లబ్ కోచ్ ఫోన్ నంబర్, ఈ కాలేజీయే ఎందుకన్నది ఒకటి రెండు వాక్యాలు. షోకేస్‌కు వారం, పది రోజుల ముందు మళ్లీ ఒకటి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ ఫీల్డులో, ఏ జెర్సీ నంబర్. రిచ్‌మండ్‌లో జరిగే జెఫర్సన్ కప్ లాంటి చోట ఒకేసారి ఎన్నో ఫీల్డుల్లో ఆట నడుస్తుంది, నంబర్ చెప్పకపోతే కోచ్ ఎవర్ని చూడాలి? గేమ్ అయ్యాక రెండు ముక్కల్లో థాంక్స్.

వీడియో మూడు, నాలుగు నిమిషాలు చాలు. మొదటి అరనిమిషంలోనే మంచివి పెట్టండి, ఎందుకంటే చాలామంది అక్కడే ఆపేస్తారు. పిల్ల ఎవరో తెలిసేలా ఆట మొదలవకముందు ఒక బాణం గుర్తు. గోల్స్ ఒక్కటే కాదు, బంతి లేనప్పుడు ఏం చేస్తోంది, బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెత్తుతోందా అన్నవి కోచ్‌లు చూస్తారు. పాట పెట్టొద్దు, దయచేసి.

క్యాంప్‌ల విషయంలో జాగ్రత్త. కాలేజీలు పెట్టే ఐడీ క్యాంప్‌కు (కోచ్‌లు పిల్లల ఆట చూసే శిబిరానికి) రమ్మని వచ్చే ఈమెయిల్ చాలాసార్లు వేలమందికి పోయిన ప్రకటనే. అమ్మాయి పేరు, ఫలానా గేమ్‌లో ఏం చూశారన్నది ఉంటే అది ఆసక్తి. లేదంటే అది క్యాంప్ టికెట్ అమ్మకం. డబ్బు కట్టే రిక్రూటింగ్ సర్వీస్ లేకుండా కూడా ఈ పనంతా ఇంట్లో ఒక స్ప్రెడ్‌షీట్‌తో జరిగిపోతుంది.

ఇంకో మాట. సైడ్‌లైన్ మీద మీరు "కొట్టు, కొట్టు!" అని అరుస్తుంటే పక్క కుర్చీలో ఉన్నది కోచ్ కావొచ్చు. వాళ్లకు తెలుగు రాకపోయినా గొంతు అర్థమవుతుంది.

తొమ్మిదో అడుగు: జూన్ 15

పదో తరగతి అయిపోయిన ఏడాది జూన్ 15 నుంచి డివిజన్ 1, 2 కోచ్‌లు నేరుగా ఫోన్, ఈమెయిల్, మెసేజ్ చేయొచ్చు. డివిజన్ 1 కాలేజీలకు రిక్రూటింగ్ విజిట్‌లు ఆ ఆగస్టు 1 నుంచి. అంతకుముందు మీ అమ్మాయి ఎన్ని ఈమెయిల్స్ అయినా పంపొచ్చు, వాళ్లు మాత్రం క్యాంప్ సమాచారం, ప్రశ్నావళి లాంటివే పంపగలరు. డివిజన్ 3లో ఇంత కట్టడి లేదు, ముందే మాట్లాడొచ్చు. జూన్ 15 రాత్రి ఫోన్ మోగకపోతే ఇంట్లో టెన్షన్ మామూలే. మోగేది చాలా కొద్దిమందికే. మిగతావాళ్లకు పదకొండో తరగతంతా, పన్నెండో తరగతి మొదట్లోనూ మాటలు నడుస్తూనే ఉంటాయి.

ఫోన్ వచ్చినప్పుడు అమ్మాయి అడగాల్సినవి: నన్ను ఏ స్థానంలో చూస్తున్నారు? మీ జాబితాలో నేనెక్కడున్నాను? నా సంవత్సరంలో ఎంతమందిని తీసుకుంటున్నారు? మీ కాలేజీ హౌస్ ఒప్పందంలో ఉందా? "నేనెక్కడున్నాను" అని అడగడానికి మన పిల్లలు సిగ్గుపడతారు. వంటింట్లో మీరు కోచ్‌గా నటించి నాలుగుసార్లు ప్రాక్టీస్ చేయించండి.

పదో అడుగు: ఆఫర్, సంతకం, వీసా

నోటిమాట ఆఫర్‌కు కట్టుబాటు లేదు, ఇద్దరిలో ఎవరికీ. ఆ కాలేజీలోనే చేరతానని సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఇదివరకు ఉండేది, 2024 అక్టోబర్‌లో దాన్ని రద్దుచేశారు. ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం ఒప్పందం మీదే సంతకం. ఏడాదికా, నాలుగేళ్లకా, గాయమైతే ఉంటుందా, కోచ్ మారితే ఏమిటి, ఇవన్నీ కాగితం మీద చూడాలి. 'సగం స్కాలర్‌షిప్' అంటే ఫీజులో సగమా, హాస్టల్, భోజనంతో కలిపి సగమా అన్నది తప్పకుండా అడగండి.

హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. కాలేజీ తన డబ్బుతో ఇచ్చే ఆట స్కాలర్‌షిప్ వేరే సంగతి, దాని గురించి కాలేజీనే అడగాలి. 21 నిండగానే హెచ్-4 పోతుంది కాబట్టి కాలేజీ మధ్యలో ఎఫ్-1కు మారాల్సి రావొచ్చు. పేరు, ఫొటో మీద వచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు, కాలేజీ పంచే ఆదాయం లాంటివి ముట్టుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో చెప్పారని చేయొద్దు.

ఏ ఆఫరూ రాకపోతే

జూనియర్ కాలేజీ (ఇక్కడ ఇంటర్ కాదు, హైస్కూల్ తర్వాత రెండేళ్ల కాలేజీ) టీమ్‌లో రెండేళ్లు ఆడి, అక్కడి నుంచి మారే దారి ఉంది. కొన్ని కాలేజీలు మొదటి వారాల్లో బయటివాళ్లకు ట్రైఅవుట్ పెడతాయి. పెద్ద యూనివర్సిటీల్లో చాలావాటికి విద్యార్థులే నడిపే సాకర్ క్లబ్ ఉంటుంది, ఇతర యూనివర్సిటీలతో గేమ్‌లూ, ఊళ్లు తిరగడమూ అన్నీ ఉంటాయి. మంచి క్లబ్‌లలో ఆడి వచ్చిన పిల్లలు అందులో బోలెడుమంది. మా పక్కింటి అమ్మాయి ఇప్పుడు అక్కడే ఆడుతోంది, వారానికి రెండు సాయంత్రాలు. వాటి ఎంపిక చాలాచోట్ల సెమిస్టర్ మొదలైన ఒకటి రెండు వారాల్లోనే అయిపోతుంది కాబట్టి, సామాను సర్దేటప్పుడు సాకర్ షూస్, షిన్ గార్డులు ఇంట్లో వదిలేయకుండా చూడండి.